ఎంత మెమరీ చాలు? వ్యక్తిగత యూనిక్స్ కంప్యూటరు ‘కనీస అవసరం’ – తెలుగు లిపి: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

వ్యక్తిగత యూనిక్స్ కంప్యూటరుకు ఎంత మెమరీ కావాలన్న ప్రశ్నకు 1969 నుంచి నేటివరకు అనేక సమాధానాలు వచ్చాయి. ఈ సమాధానాలను సాధారణంగా యంత్రసామర్థ్యం పెరిగిన క్రమంగా మాత్రమే చెప్పుకుంటాం. ప్రతి కాలంలోనూ ‘కనీస మెమరీ’ అన్న అంకె వెనుక వినియోగదారు ఎవరు, అతడు చేసే పని ఏమిటి, ఏ లిపిలో చేస్తాడు అన్న ఊహలు ఉన్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పీడీపీ-7 మొదలుకొని లినక్స్ వరకు ప్రధాన ఘట్టాలను పరిశీలించి, అక్షరాకృతులు యంత్రంలో ఏ భాగంలో ఉన్నాయన్న అంశం ఆధారంగా తెలుగుకు కనీస అవసరం ఇంగ్లీషు కంటే ఎందుకు ఎక్కువైందో వివరిస్తుంది.

కీలకపదాలు: యూనిక్స్, లినక్స్, మెమరీ, తెలుగు లిపి, అక్షరాకృతి, రాజ్ రెడ్డి, ఇస్కీ, యూనికోడ్, యూటీఎఫ్-8.

1. ఉపోద్ఘాతం:

కంప్యూటరు కొనేటప్పుడు సామాన్యుడి నుంచి కళాశాల కొనుగోలు సంఘం వరకు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: మెమరీ ఎంత ఉండాలి? దానికి సమాధానంగా ఒక అంకె వస్తుంది. ఆ అంకె ఎలా వచ్చిందో అడిగేవారు తక్కువ. సాంకేతిక చరిత్రలు కూడా కిలోబైట్లు మెగాబైట్లుగా, మెగాబైట్లు గిగాబైట్లుగా పెరిగిన తీరును వర్ణించి ఊరుకుంటాయి. భాషాసాహిత్య పరిశోధకులకు ఈ చర్చతో పనిలేదన్న అభిప్రాయం అందుకే బలపడింది. అయితే కంప్యూటరులో తెలుగు ఆలస్యంగా ఎందుకు స్థిరపడిందన్న ప్రశ్నకు సమాధానంలో కొంత భాగం ఈ అంకెల చరిత్రలోనే ఉంది.

ఈ వ్యాసంలో మెమరీ అంటే ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ దానినీ, అది వాడుకొనే దత్తాంశాన్నీ ఉంచే ప్రధాన మెమరీ. సమాచారాన్ని శాశ్వతంగా దాచే డిస్క్ దీనికి వేరు. సున్నా లేదా ఒకటి అనే విలువ గల స్థానం ఒక బిట్. 8 బిట్లు ఒక బైట్, 1,024 బైట్లు ఒక కిలోబైట్, 1,024 కిలోబైట్లు ఒక మెగాబైట్. ‘వ్యక్తిగత యూనిక్స్’ అన్న మాటను ఒక్కరి వాడకానికి ఉద్దేశించిన యూనిక్స్ యంత్రాలకూ, యూనిక్స్‌ను అనుసరించిన మినిక్స్, లినక్స్‌లకూ కలిపి వాడుతున్నాను. పరిశీలనకు యూనిక్స్‌నే ఎంచుకోవడానికి కారణముంది. ఈ వ్యవస్థ నిర్మాతలు తమ వ్యవస్థ ఎంత చోటు తీసుకుంటుందో స్వయంగా రాసి ప్రచురించారు. అందువల్ల కనీస అవసరం అన్న భావన ఎలా మారిందో గుర్తించడం సాధ్యమవుతుంది.

2. తొలి యూనిక్స్ – రాతపని (1969–1971):

బెల్ ల్యాబ్స్ 1969లో మల్టిక్స్ అనే భారీ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది. అందులో పనిచేసిన కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ తదితరులకు తాము అలవాటుపడిన సౌకర్యవంతమైన వ్యవస్థ దూరమైంది. థామ్సన్‌కు అందుబాటులోకి వచ్చింది పీడీపీ-7 అనే చిన్న యంత్రం. దాని మెమరీ 8కె పదాలు. ఇక్కడ పదం అంటే 18 బిట్ల ప్రమాణం. నేటి లెక్కలో ఇది 18 కిలోబైట్లు. అందులో సగం ఆపరేటింగ్ సిస్టమ్‌కు, సగం వినియోగదారు ప్రోగ్రాంకు కేటాయించారు. యంత్రానికి రెండు టెర్మినళ్లు ఉండేవి. ఒకరి ప్రోగ్రాం మెమరీలో ఉన్నప్పుడు రెండోవారి ప్రోగ్రాం డిస్క్‌పైన వేచి ఉండేది. యూనిక్స్ పుట్టుక ఈ ఇరుకులో జరిగింది.

తరువాతి యంత్రం పీడీపీ-11/20. దీనిని కొనడానికి పరిశోధకులు చూపిన కారణం సాహిత్య విద్యార్థులకు ఆసక్తి కలిగిస్తుంది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తామంటే యాజమాన్యం అంగీకరించే పరిస్థితి లేదు. అందువల్ల పాఠ్యాన్ని సవరించి, పుటలుగా అమర్చే వ్యవస్థను తయారుచేస్తామని ప్రతిపాదించారు. 1970 వేసవి చివరలో యంత్రం వచ్చింది. దాని డిస్క్ డిసెంబరుకు గాని రాలేదు. ఈలోగా ఆ యంత్రం 6×8 గడుల చదరంగపు బల్లపై గుర్రం ప్రతి గడినీ ఒక్కసారే తొక్కి తిరిగి మొదటికి చేరే మార్గాలను లెక్కిస్తూ గడిపింది.

ఆ యంత్రం మెమరీ 24 కిలోబైట్లు. అందులో 16 కిలోబైట్లు వ్యవస్థకు, 8 కిలోబైట్లు ప్రోగ్రాంలకు. డిస్క్ సామర్థ్యం 512 కిలోబైట్లు. ఒక్కొక్క ఫైలు 64 కిలోబైట్లను మించరాదు. 1971 ద్వితీయార్ధంలో బెల్ ల్యాబ్స్ పేటెంట్ విభాగానికి చెందిన ముగ్గురు టైపిస్టులు ఈ యంత్రంపై పేటెంట్ దరఖాస్తులను రాసి, సవరించి, పుటలుగా అమర్చుకున్నారు. బయటివారిలో యూనిక్స్‌ను మొదట నమ్ముకున్నది వీరే. ఒక ప్రోగ్రాం మరొక ప్రోగ్రాం చోటును పాడుచేయకుండా ఆపే రక్షణ కూడా ఆ యంత్రంలో లేదు. కనుక టైపిస్టులు పనిచేస్తుండగా కొత్త ప్రోగ్రాంను పరీక్షించేటప్పుడు పరిశోధకులు ఎంతో జాగ్రత్త వహించవలసి వచ్చేది.

ముగ్గురి రాతపనికి 24 కిలోబైట్లు చాలిన ఈ ఘట్టాన్ని పొదుపైన రచనాశైలికి నిదర్శనంగా చెబుతారు. అది నిజమే. దానితోపాటు ఆ పొదుపుకు వీలు కల్పించిన మరొక ఏర్పాటును కూడా గుర్తించాలి.

3. అక్షరాకృతి ఎక్కడ ఉండేది?

1971 నాటి యూనిక్స్ మెమరీలో ఒక్క అక్షరం ఆకృతి కూడా లేదు. ఉన్నవి అక్షరాల సంఖ్యలు మాత్రమే. ‘ఎ’ అనే రోమన్ అక్షరానికి ఆస్కీ ప్రమాణం ప్రకారం ఒక సంఖ్య ఉంది. కంప్యూటరు ఆ సంఖ్యను తీగ ద్వారా టెలిటైప్‌కు పంపేది. ఆ సంఖ్యకు తగిన అచ్చును ఎంచి కాగితంపై కొట్టే పని టెలిటైప్ యంత్రానిది. అంటే లిపి భారం మొత్తం ఆ యంత్రపు లోహపు అచ్చులపై ఉండేది. తరువాత తెరగల టెర్మినళ్లు వచ్చినప్పుడు ఆకృతులు టెర్మినల్‌లోని శాశ్వత చిప్‌లోకి మారాయి. అప్పటికీ ప్రధాన మెమరీకి లిపితో సంబంధం ఏర్పడలేదు.

రోమన్ లిపి స్వభావం ఈ ఏర్పాటుకు అనువైనది. అక్షరాలు పరిమితం. ఒక్కొక్కటి ఒక గడిలో ఇముడుతుంది. పక్క అక్షరాన్ని బట్టి ఆకృతి మారదు. ఆస్కీలో 128 సంకేతాలు ఉన్నాయి. వాటికి 7 బిట్లు చాలు. 8 బిట్ల బైట్‌లో ఒక బిట్ మిగిలిపోయింది. మెమరీకి కరవున్న రోజుల్లో మిగిలిన బిట్‌ను ఎవరూ వృథా చేయరు. తొలి యూనిక్స్ షెల్ ప్రోగ్రాం ఒక అక్షరం కొటేషన్ గుర్తుల మధ్య వచ్చిందా లేదా అన్న విషయాన్ని ఆ ఎనిమిదో బిట్‌లోనే గుర్తుపెట్టుకునేది. దీనికోసం వేరే చోటు వెచ్చించవలసిన అవసరం లేకపోయింది.

ఈ చిన్న నిర్ణయం పర్యవసానం చాలాకాలం తరువాత కనిపించింది. భారతీయ లిపులకోసం రూపొందిన ఇస్కీ ప్రమాణం (1991లో ఐఎస్ 13194గా స్థిరపడింది) మొదటి 128 స్థానాలను ఆస్కీకి వదిలి, తరువాతి 128 స్థానాలలో భారతీయ అక్షరాలను ఉంచింది. అంటే తెలుగు అక్షరానికి ఎనిమిదో బిట్ ప్రాణం. దానిని సొంత అవసరానికి వాడుకునే ప్రోగ్రాంలోకి తెలుగు పాఠ్యం వెళితే చెడిపోక తప్పదు. తరువాతి వెర్షన్లలో ఈ లోపాన్ని సవరించారు. 1970ల మొదట్లో పొదుపు చేసిన ఒక బిట్ మరొక ఖండంలోని లిపులకు అడ్డంకి కావడాన్ని మాత్రం చరిత్ర నమోదు చేయాలి. ఇందులో ఉద్దేశపూర్వకమైన వివక్ష ఏదీ లేదు. వినియోగదారుడు ఇంగ్లీషులోనే రాస్తాడన్న ఊహ ఉంది.

4. ఒకే సంచికలో రెండు సమాధానాలు (1974–1978):

రిచీ, థామ్సన్‌లు 1974లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో తమ పీడీపీ-11/45 యంత్రానికి 144 కిలోబైట్ల మెమరీ ఉందనీ, అందులో యూనిక్స్ 42 కిలోబైట్లు తీసుకుంటుందనీ తెలిపారు. కనీస స్థాయి వ్యవస్థకు మొత్తం 50 కిలోబైట్లు సరిపోతాయని పేర్కొన్నారు. బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్ 1978 జులై–ఆగస్టు సంచికలో అదే వ్యాసం సవరణలతో తిరిగి వచ్చింది. అప్పటికి యంత్రం పీడీపీ-11/70, మెమరీ 768 కిలోబైట్లు, కెర్నల్ పరిమాణం 90 కిలోబైట్లు. కనీస అవసరం 96 కిలోబైట్లకు చేరింది. నాలుగేళ్లలో ‘కనీసం’ దాదాపు రెట్టింపైంది.

అదే సంచికలో హైంజ్ లిక్లమా రాసిన మరొక వ్యాసం ఉంది. ఎల్ఎస్ఐ-11 అనే మైక్రోకంప్యూటరుపై ఒకే వినియోగదారుకోసం రూపొందించిన యూనిక్స్‌ను అది వివరిస్తుంది. దీనికి కావలసినవి 20కె పదాల మెమరీ, అంటే 40 కిలోబైట్లు, రెండు ఫ్లాపీ డిస్కులు. వ్యక్తిగత యూనిక్స్ అన్న మాటకు పూర్తిగా తగిన తొలి వ్యవస్థలలో ఇది ఒకటి.

ఒకే సంస్థ, ఒకే సంచిక, ఒకే పేరుగల వ్యవస్థ. ఒకచోట కనీసం 96, మరొకచోట 40. రెండూ సరైనవే. మొదటి లెక్క ఒకే యంత్రాన్ని పలువురు పంచుకుంటారన్న ఊహపై ఆధారపడింది. రెండో లెక్క వినియోగదారు ఒక్కడే అన్న ఊహతో మొదలైంది. ఒక్కడే ఉన్నప్పుడు ఒకరి నుంచి మరొకరిని కాపాడే ఏర్పాట్లలో చాలావాటిని తగ్గించుకోవచ్చు. మెమరీ అవసరం యంత్రలక్షణం మాత్రమే అయితే ఈ తేడాను వివరించలేం. వినియోగదారు గురించిన భావనను లెక్కలోకి తీసుకున్నప్పుడే అది అర్థమవుతుంది.

ఈ దశ చివరలో మరొక మార్పు వచ్చింది. బర్క్లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్, ఓజల్ప్ బాబావోలూ వ్యాక్స్ యంత్రంపై యూనిక్స్‌కు వర్చువల్ మెమరీని చేర్చారు. 1979 చివరలో అది 3బీఎస్‌డీగా వెలువడింది. ప్రోగ్రాంలో అప్పటికి అవసరమైన పుటలను మాత్రమే మెమరీలో ఉంచి, మిగిలినవాటిని డిస్క్‌పై ఉంచడం దీని పద్ధతి. అంతవరకు మెమరీ చాలకపోతే ప్రోగ్రాం నడిచేది కాదు. ఇకమీదట నెమ్మదిగా నడుస్తుంది. కనీస అవసరం అన్న మాటకు అర్థం ఇక్కడ మారింది. అది సాధ్యాసాధ్యాల హద్దుగా ఉన్నది కాస్తా ఓర్పుకు హద్దుగా మారింది.

5. మూడు ‘మెగా’లు – రాజ్ రెడ్డి:

1980ల ప్రారంభంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి, ఆయన సహచరులు విద్యా, పరిశోధన రంగాల్లో ఒక్కరి వాడకానికి తగిన కంప్యూటరుకు ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించారు. మెగాబైట్ మెమరీ, పది లక్షల చుక్కల తెర, క్షణానికి పది లక్షల ఆదేశాల వేగం. మూడింటిలోనూ ‘మెగా’ లేదా ‘మిలియన్’ ఉండడంతో దీనికి ‘3ఎం’ అన్న పేరు వచ్చింది. ధర పది లక్షల పెన్నీలను, అంటే పదివేల డాలర్లను మించరాదన్న నాలుగో షరతును కూడా కొందరు కలుపుతారు.

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి పేరు తెలుగు పాఠకులకు పరిచితమే. ఆయన వాక్‌గుర్తింపు పరిశోధన గురించి తెలుగులో కొంత రచన ఉంది. వ్యక్తిగత కంప్యూటరు కొలతలను నిర్ణయించడంలో ఆయన పాత్రకు అంత ప్రచారం రాలేదు.

ఈ ప్రమాణంలో మన చర్చకు ముఖ్యమైనది రెండో ‘మెగా’. పది లక్షల చుక్కల తెర అంటే ప్రతి చుక్కనూ కంప్యూటరే వెలిగించడం, ఆర్పడం. ఒక్కో చుక్కకు ఒక్కో బిట్ చొప్పున 1,024×1,024 చుక్కల నలుపు-తెలుపు తెరకు 128 కిలోబైట్లు కావాలి. పేటెంట్ టైపిస్టులు వాడిన యంత్రం మొత్తం మెమరీకి ఇది అయిదు రెట్లకు పైనే. 1971 నాటి దృష్టిలో ఇది విపరీతమైన దుబారా. అయితే అక్షరాకృతి లోహం నుంచి, శాశ్వత చిప్ నుంచి విడుదలై మెమరీలోకి ప్రవేశించింది ఈ దుబారా వల్లనే. చుక్కలతో గీయగలిగిన యంత్రానికి రోమన్ అక్షరమూ ఒకటే, తెలుగు అక్షరమూ ఒకటే. 3ఎం ప్రతిపాదన భారతీయ లిపులను ఉద్దేశించి వచ్చిందని దీని అర్థం కాదు. దాని ఫలితాల్లో అన్ని లిపులకూ చోటు ఏర్పడింది.

ఈ ప్రమాణం ఆ కాలపు యూనిక్స్ వర్క్‌స్టేషన్లకు గురిగా నిలిచింది. 1982లో సన్ సంస్థ తొలి వర్క్‌స్టేషన్‌ను తెచ్చింది. 1988లో స్టీవ్ జాబ్స్ విద్యారంగాన్ని దృష్టిలో పెట్టుకొని విడుదల చేసిన నెక్స్ట్ కంప్యూటరు కార్నెగీ మెలన్‌లో రూపొందిన మాక్ కెర్నల్‌పై నడిచింది. దాని తెర 1,120×832 చుక్కలు. మెమరీ 8 మెగాబైట్లు. దశాబ్దం గడవకముందే మొదటి ‘మెగా’ ఎనిమిది రెట్లయింది. తెర మాత్రం ప్రతిపాదించిన కొలతకు సమీపంలోనే ఉంది.

6. రెండు మెగాబైట్ల అభ్యర్థన – లినక్స్:

వర్క్‌స్టేషన్ ధర సామాన్యుడికి అందనిది. ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో బోధనకోసం రూపొందించిన మినిక్స్ మామూలు ఐబీఎం పీసీపై నడిచింది. ఆ తరగతి పీసీలో ప్రోగ్రాంలకు దక్కే చోటు 640 కిలోబైట్లు. హార్డ్‌డిస్క్ లేని విద్యార్థి కూడా దీనిని వాడుకోగలగాలన్నది రచయిత ఆశయం. అందువల్ల పుటలను డిస్క్‌కు పంపే ఏర్పాటును ఆయన చేర్చలేదు.

హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991 జనవరిలో 386 పీసీ కొన్నాడు. దాని మెమరీ 4 మెగాబైట్లు. ఆ సంవత్సరం సెప్టెంబరులో వెలువడిన లినక్స్ తొలి వెర్షన్ ఆ యంత్రానికి అచ్చుగుద్దినట్లు సరిపోయే వ్యవస్థ. కీబోర్డు అమరిక కూడా ఫిన్నిష్ భాషదే. తయారుచేసినవాని భాష, యంత్రం రెండూ వ్యవస్థలోకి ఎలా చేరతాయో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

1991 చివరలో జర్మనీ నుంచి ఒక వినియోగదారు తన యంత్రానికి 2 మెగాబైట్లే ఉన్నాయనీ, వాటితో లినక్స్ కెర్నల్‌ను కంపైల్ చేసుకోలేకపోతున్నాననీ తెలిపాడు. టోర్వాల్డ్స్ యంత్రానికి ఆ ఇబ్బంది లేదు. అయినా క్రిస్మస్ సెలవుల్లో కూర్చొని మెమరీ పుటలను డిస్క్‌కు పంపే ఏర్పాటును రాశాడు. 1992 జనవరిలో వెలువడిన 0.12 వెర్షన్‌లో అది చేరింది. మినిక్స్‌లో లేని ఈ సౌకర్యం వల్ల చాలామంది లినక్స్ వైపు మళ్లారని ఆయనే తరువాత చెప్పుకున్నాడు.

ఈ సంఘటన వ్యాస ప్రతిపాదనకు కేంద్రం. లినక్స్ కనీస అవసరాన్ని తగ్గించింది కొత్త చిప్ కాదు, తగ్గిన ధర కాదు. తక్కువ మెమరీ గల ఒక మనిషి తన అవసరాన్ని తెలిపాడు, రచయిత దానిని లెక్కలోకి తీసుకున్నాడు. అడిగినవాడికి తనకేమి లోపించిందో తెలుసు, దానిని చెప్పే మార్గమూ ఉంది. ఆ సమయంలో తెలుగులో రాయదలచిన యూనిక్స్ వినియోగదారు అడగవలసి ఉంటే ఏమి అడిగేవాడు?

7. తెలుగుకు కావలసిన కనీసం:

7.1 ఆకృతుల లెక్క: తెలుగుకు 14 అచ్చులు, 36 హల్లులు తీసుకుందాం. ఋత్వాలను, సున్న విసర్గలను విడిచి ఒక్కో హల్లుకు తలకట్టు మొదలు ఔత్వం వరకు 12 రూపాలు లెక్కిస్తే గుణింతరూపాలు 432. వీటికి 35 ఒత్తులు, 10 అంకెలు కలిపితే మొత్తం 491 ఆకృతులు. ఒత్తు కిందికి దిగుతుంది, గుడి పైకి లేస్తుంది. కనుక చదవగలిగేలా ఉండాలంటే ఒక్కో ఆకృతికి 24×24 చుక్కల చతురస్రం ఇవ్వాలి. అది 72 బైట్లు. మొత్తం 35,352 బైట్లు, అంటే దాదాపు 34.5 కిలోబైట్లు. ఇంగ్లీషులో అచ్చయ్యే 95 ఆస్కీ చిహ్నాలకు 8×16 చుక్కల చొప్పున 1,520 బైట్లు చాలు. తెలుగు అక్షరాకృతులే పేటెంట్ టైపిస్టుల యంత్రం మొత్తం మెమరీని మించిపోతున్నాయి.

గుణింతపు గుర్తులను విడిగా ఉంచి హల్లులతో కలిపితే ఆకృతుల సంఖ్య బాగా తగ్గుతుంది. అప్పుడు ఏ గుర్తు ఎక్కడ చేరాలో నిర్ణయించే ప్రోగ్రాం కావాలి. తెలుగులో కొమ్ము, ఏత్వం, ఒత్తు హల్లును బట్టి స్థానమూ రూపమూ మార్చుకుంటాయి. చోటును పొదుపు చేస్తే పని పెరుగుతుంది. ఏదో ఒక రూపంలో మూల్యం చెల్లించక తప్పదు.

7.2 అక్షరతెర హద్దు: పీసీపై లినక్స్ మొదట చూపించేది చిత్రాలు లేని అక్షరతెర. వీజీఏ ప్రమాణం ప్రకారం ఇందులో ఒకేసారి గరిష్ఠంగా 512 ఆకృతులు ఉండగలవు. పై లెక్కలోని 491 తెలుగు ఆకృతులకు 95 ఆస్కీ చిహ్నాలు కలిపితే 586. హద్దు దాటిపోయింది. ఏదోవిధంగా కుదించినా గడులన్నీ ఒకే వెడల్పులో ఉండడం, ఒక గడిలో రెండు ఆకృతులను ఒకదాని కింద ఒకటి వేయలేకపోవడం వల్ల ‘స్త్రీ’ వంటి మాట అక్కడ ఒదగదు. కనుక తెలుగు వినియోగదారుకు చిత్రరూప తెర తప్పనిసరి. యూనిక్స్‌లో దానికి ఎక్స్ విండో వ్యవస్థ కావాలి.

1990ల మధ్యకాలపు లినక్స్ మార్గదర్శకాలు అక్షరతెరపై పనికి కనీసం 2 మెగాబైట్లు, మేలైన పనికి 4 మెగాబైట్లు, ఎక్స్ విండోకు 8 మెగాబైట్లు సూచించేవి. పట్టికలో మొదటి వరుస అందరికీ వర్తిస్తుందన్నట్లే ఉండేది. నిజానికి అది ఇంగ్లీషులోనూ, దాని వంటి లిపులలోనూ పనిచేసేవారికి మాత్రమే కనీసం. తెలుగు వినియోగదారుకు కనీసం రెండో వరుసతో, 8 మెగాబైట్లతో మొదలవుతుంది. అక్కడికి చేరినా ఆకృతులను సరిగా కూర్చే ప్రోగ్రాంలు వెంటనే దొరకలేదు. పాంగో వంటి లైబ్రరీలు జీటీకే 2.0తో పాటు 2002లో స్థిరపడ్డాక గాని ఆ మార్గం సుగమం కాలేదు.

మన దేశంలో ఈ సమస్యకు వేరొక పరిష్కారం ముందే వచ్చింది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీడాక్‌లో కొనసాగిన కృషి ఫలితంగా జిస్ట్ కార్డు రూపొందింది. పీసీలో అదనంగా అమర్చే ఈ కార్డు లిపిపనిని తనపై వేసుకునేది. ఇది ఒక విధంగా టెలిటైప్ నాటి ఏర్పాటే. ఆకృతి భారాన్ని ప్రధాన మెమరీ నుంచి తప్పించి ప్రత్యేక పరికరానికి అప్పగించారు. అయితే ఇంగ్లీషుకు ఆ పరికరం యంత్రంతోనే వచ్చింది. తెలుగుకు దానిని విడిగా కొనవలసి వచ్చింది.

7.3 పాఠ్యం లెక్క: ఆకృతులతో పాటు పాఠ్యం కూడా చోటు తీసుకుంటుంది. ‘స్త్రీ’ అన్న మాటలో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘ ఈకారం అని ఆరు సంకేతాలున్నాయి. ఇస్కీలో వీటికి 6 బైట్లు. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు స్థానాలు కేటాయించింది. ఈ సంకేతాలను యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే ఒక్కోదానికి 3 బైట్లు, ‘స్త్రీ’కి 18 బైట్లు. 1971 నాటి 64 కిలోబైట్ల ఫైలులో ఇంగ్లీషు అక్షరాలు 65,536 పడితే యూటీఎఫ్-8లో తెలుగు సంకేతాలు 21,845 మాత్రమే పడతాయి.

యూటీఎఫ్-8ను 1992 సెప్టెంబరులో రూపొందించింది కెన్ థామ్సన్, రాబ్ పైక్‌లు. 18 కిలోబైట్ల పీడీపీ-7పై యూనిక్స్ రాసిన థామ్సనే ఆయన. పాత ఆస్కీ పాఠ్యం ఒక్క బైటు కూడా మారకుండా చెల్లుబాటు కావాలన్నది ఈ పద్ధతి మూలసూత్రం. అందుకే ఆస్కీకి ఒక బైటు దక్కింది. తరువాతి స్థానాల్లో ఉన్న లిపులకు రెండు, మూడు, నాలుగు బైట్లు వచ్చాయి. దీనిని అన్యాయంగా చిత్రించడం సరికాదు. ఎనిమిదో బిట్‌ను ఇష్టం వచ్చినట్లు వాడుకున్న వ్యవస్థలోనే ప్రపంచలిపులన్నింటికీ చోటు కల్పించిన పద్ధతి ఇది. తెలుగు ఫైలు నేడు ఏ యూనిక్స్ యంత్రంలోనైనా చెడకుండా ఉండడానికి కారణం కూడా ఇదే. అయినా ఒక్కో సంకేతానికి రెండు బైట్ల అదనపు చోటును తెలుగు చెల్లిస్తూనే ఉంది.

8. సమృద్ధి కాలంలో ఈ ప్రశ్న:

నేడు ఈ లెక్కలకు విలువ ఉందా అన్న సందేహం సహజం. 1,920×1,080 చుక్కల తెరపై ఒక్కో చుక్కకు 4 బైట్ల చొప్పున ఒక్క దృశ్యానికే 82,94,400 బైట్లు కావాలి. 1988 నాటి నెక్స్ట్ యంత్రం మొత్తం మెమరీకి ఇది దాదాపు సమానం. గిగాబైట్ల మెమరీ గల యంత్రంలో తెలుగు ఫాంటు ఆక్రమించే కొన్ని వందల కిలోబైట్లు గాని, మూడు బైట్ల అక్షరం గాని లెక్కలోకి రావు. పోతన, వేమన వంటి యూనికోడ్ ఫాంటులు, హైదరాబాదు కేంద్రంగా ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు లినక్స్‌కై చేసిన కృషి ఈ సమృద్ధిలోనే సాధ్యమయ్యాయి.

అయితే రెండు చోట్ల పాత హద్దు మిగిలే ఉంది. మొదటిది, లినక్స్ అక్షరతెర. చిత్రరూప వ్యవస్థ లేని యంత్రంలో తెలుగు పేరుగల ఫైలు ఇప్పటికీ గుర్తింపురాని చిహ్నాలుగా కనిపిస్తుంది. చిత్రరూప వ్యవస్థలో నడిచే టెర్మినల్ ప్రోగ్రాంలు సైతం సమానమైన గడుల పద్ధతినే అనుసరించడం వల్ల చాలాచోట్ల తెలుగు అక్షరాలు విరిగి కనిపిస్తాయి. మెమరీ కొరత తీరినా, ఆ కొరతలో పుట్టిన నిర్మాణం నిలిచిపోయింది. రెండోది, తక్కువ మెమరీ యంత్రాలు. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై తొలి నమూనాకు 256 మెగాబైట్ల మెమరీ ఉండేది. పాత కంప్యూటర్లలో తేలికపాటి లినక్స్ వేసి పాఠశాలలకు, కళాశాలలకు ఇవ్వాలన్న ఆలోచన తరచుగా వినిపిస్తుంది. ఆలోచన మంచిదే. ఆ యంత్రం పనికివస్తుందో లేదో తేల్చే పరీక్ష ఏ భాషలో జరుగుతుందన్నది ముఖ్యం. ఇంగ్లీషు అక్షరతెర వచ్చిందని సంతృప్తి పడితే తెలుగు విద్యార్థి అవసరం లెక్కలో లేనట్లే. తెలుగు పుటను తెరిచి, టైపు చేసి, వెతికి, అచ్చు తీసి చూసినప్పుడే కనీస అవసరం తేలుతుంది.

9. ముగింపు:

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1) యూనిక్స్ కనీస మెమరీ 1971లో 24 కిలోబైట్లు, 1974లో 50, 1978లో ఒకచోట 96, మరొకచోట 40 కిలోబైట్లు. ఈ తేడాలకు యంత్రపురోగతితో పాటు వినియోగదారు గురించిన ఊహలు కూడా కారణం.

2) తొలి యూనిక్స్ పొదుపు వెనుక అక్షరాకృతి భారాన్ని టెలిటైప్ మోసిన సంగతి ఉంది. ఆ ఏర్పాటు రోమన్ లిపికి అనువైనది, తెలుగు వంటి గుణింత, సంయుక్తాక్షర లిపులకు చాలనిది.

3) రాజ్ రెడ్డి ప్రభృతుల 3ఎం ప్రమాణంలోని పది లక్షల చుక్కల తెర అక్షరాకృతిని మెమరీలోకి తెచ్చి, అన్ని లిపులకూ అవకాశం కల్పించిన మార్పులో భాగం.

4) 1990ల లినక్స్‌లో ఇంగ్లీషుకు 2 నుంచి 4 మెగాబైట్లు చాలగా తెలుగుకు కనీసం 8 మెగాబైట్లతో మొదలుపెట్టవలసి వచ్చింది. ‘కనీస అవసరం’ అన్న అంకె భాషానిరపేక్షం కాదనడానికి ఇది స్పష్టమైన ఆధారం.

5) 2 మెగాబైట్ల యంత్రం గల వినియోగదారు అభ్యర్థన లినక్స్‌ను మార్చింది. అవసరాన్ని సకాలంలో, స్పష్టంగా తెలిపిన సమాజాల కొలతలే ప్రమాణాలలో చోటు చేసుకుంటాయి.

తెలుగు కంప్యూటింగ్ చరిత్రను ఫాంటుల, కీబోర్డుల చరిత్రగా రాసుకోవడం మనకు అలవాటు. వాటి కింద ఉన్న మెమరీ, తెర, సంకేతపద్ధతుల చరిత్రను కూడా భాషాపరిశోధకులు అధ్యయనం చేయవలసి ఉంది. కళాశాలల్లో భాషాప్రయోగశాలలకు యంత్రాల వివరణపత్రాలు తయారయ్యేటప్పుడు తెలుగు శాఖ అధ్యాపకుడు ఆ బల్ల దగ్గర కూర్చోవడం అవసరం. ఎంత మెమరీ చాలునన్న ప్రశ్నకు, తెలుగులో ఏ పని చేయదలచుకున్నామో అక్కడ ముందుగా చెప్పగలిగినవాడు ఆయనే.